పాత బ్రిటిష్ మోటారు సైకిలును చూడడం, నడపడం, అన్నిటికంటే ముందు ఆపడం

పాత బ్రిటిష్ మోటారు సైకిళ్లంటే ఇష్టపడేవారు చాలామంది ట్యాంకు మీది రంగునూ సైలెన్సర్ చప్పుడునూ మెచ్చుకుని అక్కడితో ఆగిపోతారు. ఆ రెండూ మెచ్చుకోదగినవే. అయితే ఆ బండి నడిపే మనిషి నుంచి ఏమి ఆశించేదో, అతనికి ఎంత పని అప్పగించేదో చెప్పేవి మాత్రం హ్యాండిల్ మీది చిన్న లివర్లు, కాళ్ల దగ్గరి పెడళ్లు, చక్రాల మధ్యనున్న బ్రేకు డ్రమ్ములు. వాటిని ఒక్కొక్కటిగా చూసి, పట్టుకుని, ఎందుకు అలా ఉన్నాయో తెలుసుకున్న తర్వాత ఆ బండి మీద కలిగే గౌరవం వేరుగా ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, దాన్ని నడిపే రోజు వస్తే ప్రాణాపాయం లేకుండా ఆపగలిగేది ఆ తెలివిడి ఉన్నవారే. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ రెండు పనుల కోసమే.

వరంగల్, హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ బండ్లు కంటపడడం అరుదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పెద్ద సంఖ్యలో వాడిన బీఎస్ఏ ఎం20, నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్ జీ3ఎల్ లాంటివాటిని చూడాలంటే హైదరాబాదులోని సేకరణకర్తల దగ్గరికో, పాత వాహనాల ప్రదర్శనకో వెళ్లవలసి వస్తుంది. కాని నిరుత్సాహపడవలసిన పని లేదు, ఎందుకంటే ఆ వంశానికి చెందిన బండి మన వీధుల్లోనే ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టింది. వెనక చక్రాన్ని కుదుపులకు పైకీ కిందికీ కదలనిచ్చే స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉన్న 350 సీసీ బుల్లెట్ అక్కడ 1949 మోడల్‌గా వచ్చింది. భారత సైన్యం సరిహద్దు గస్తీకి ఆ బండిని ఎంచుకోవడంతో, 1955లో మద్రాసులో దాని తయారీ మొదలైంది. రెడిచ్ ఫ్యాక్టరీ 1960ల చివర్లో మూతపడినా మద్రాసు ఫ్యాక్టరీ మాత్రం అదే ఇంజన్‌నూ, అదే కుడికాలి గేర్లనూ, అవే డ్రమ్ము బ్రేకులనూ 2000 ప్రాంతం వరకూ దాదాపు చెక్కుచెదరకుండా కాపాడింది. కాబట్టి ఏపీ 36 నంబరు ప్లేటుతో ఏ షెడ్డు ముందో నిలిచి ఉన్న పాత బుల్లెట్ ఈ విద్య నేర్చుకోవడానికి మనకు దొరికే మంచి పాఠ్యపుస్తకం. దాన్ని అర్థం చేసుకున్నవారు రేపు ఎక్కడైనా నార్టన్ ఎదురైతే తడబడకుండా చూడగలరు.

కుడివైపు నుంచి మొదలుపెట్టండి

బండిని చూసేటప్పుడు ముందుగా కుడివైపు నిలబడండి. ఇప్పటి బండ్లలో ఆ వైపు వెనక బ్రేకు పెడల్ ఉంటుంది, గేర్లు ఎడమకాలికి ఉంటాయి. పాత బ్రిటిష్ బండ్లలో ఇది పూర్తిగా తారుమారు: గేర్ రాడ్ కుడికాలి దగ్గర, వెనక బ్రేకు ఎడమకాలి దగ్గర ఉంటాయి. చేతుల విషయంలో మాత్రం తేడా లేదు. కుడిచేతికి ముందు బ్రేకు, ఎడమచేతికి క్లచ్. అమెరికాలో అమ్మే బండ్లన్నిటికీ గేర్లు ఎడమకాలికే ఉండాలన్న నిబంధన 1974లో అమలులోకి రావడంతో, ఆ దేశపు కొనుగోలుదారుల మీదే బతుకుతున్న బ్రిటిష్ కంపెనీలు తమ అలవాటును మార్చుకున్నాయి. 1975లో నార్టన్ కమాండో, ట్రయంఫ్ ట్రైడెంట్ ఎడమకాలికి మారాయి, ఆ వెంటనే ట్రయంఫ్ బానవిల్ కూడా మారింది. అందువల్ల మీ ముందున్న బండికి గేర్ రాడ్ ఏ వైపు ఉందో చూస్తే దాని వయసు కొంతవరకు అంచనా వేయవచ్చు. మన బుల్లెట్ మాత్రం ఈ లెక్కకు అందదు.

తర్వాత గేర్ల వరుసను అడిగి తెలుసుకోండి. బుల్లెట్‌లోనూ, నార్టన్‌లోనూ మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. ట్రయంఫ్‌లో అందుకు విరుద్ధంగా మొదటిది కిందికి, తక్కినవి పైకి. ఈ తేడా కేవలం జ్ఞాపకం పెట్టుకోవలసిన వివరం కాదు, రోడ్డు మీద దాని పర్యవసానం పెద్దది. ఆ సంగతి నడిపే భాగంలో చెబుతాను. బుల్లెట్ గేర్ రాడ్ పక్కనే మడమతో నొక్కే చిన్న పెడల్ మరొకటి కనిపిస్తుంది. రెండు, మూడు, నాలుగు గేర్లలో ఏది ఉన్నా క్లచ్ పట్టి దాన్ని ఒక్కసారి నొక్కితే గేరు నేరుగా న్యూట్రల్‌కు వస్తుంది. చౌరస్తా రద్దీలో అడుగడుగునా ఆగవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఇంత ఉపకారం చేసే అమరికను తర్వాతి కాలపు బండ్లు వదిలేయడం నాకు ఇప్పటికీ విచారం కలిగించే విషయం.

కాలితో ఒక్కసారి తన్నితే ఒక్క గేరే పడి, రాడ్ మళ్లీ తన చోటికి తిరిగి వచ్చే ఏర్పాటును మనం సహజమైనదిగా భావిస్తాం. అది కూడా ఒకరు కనిపెట్టినదే. 1920ల చివర్లో వెలోసెట్ కంపెనీ దాన్ని రేసు బండ్ల కోసం రూపొందించింది. అంతకు ముందు చాలా బండ్లకు ట్యాంకు పక్కన పొడవాటి రాడ్ ఉండేది, గేరు మార్చాలంటే హ్యాండిల్ మీది నుంచి ఒక చెయ్యి తీయవలసి వచ్చేది. 1930లకు ముందటి బండి ఏదైనా చూసే అవకాశం వస్తే ఆ రాడ్ కోసం వెతకండి. కొన్నిటికి క్లచ్, బ్రేకు లివర్లు కూడా తలకిందులుగా ఉంటాయి: లివర్ ఇరుసు హ్యాండిల్ చివర ఉండి, కొస లోపలివైపు తిరిగి ఉంటుంది. పడిపోయినా లివర్ విరగకపోవడం, కేబుల్ హ్యాండిల్ లోపలి నుంచి పోవడం ఆ అమరికలోని సుగుణాలు.

హ్యాండిల్ మీద ఇంకా మూడు చిన్న లివర్లు ఉండవచ్చు. ఒకటి కార్బొరేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించేది. రెండోది మాగ్నెటో (ఇంజన్‌లో పెట్రోలును మండించే నిప్పురవ్వకు కరెంటు పుట్టించే పరికరం) నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరిపేది. కిక్ కొట్టేటప్పుడు దాన్ని వెనక్కు పెట్టకపోతే ఇంజన్ ఎదురుతన్ని కాలి మడమను గాయపరుస్తుంది, బండి ఊపందుకున్న తర్వాత ముందుకు జరపకపోతే ఇంజన్ వేడెక్కి నీరసిస్తుంది. అంటే నేడు ఒక చిన్న పెట్టెలోని ఎలక్ట్రానిక్ పరికరం చేసే పనిని అప్పటి మనిషి చెవితో విని, బొటనవేలితో చేసేవాడన్నమాట. మూడోది, బుల్లెట్‌కు క్లచ్ లివర్ కింద ఉండే డీకంప్రెషన్ లివర్. సిలిండర్‌లో బిగుసుకున్న గాలిని బయటికి వదిలి పిస్టన్‌ను సులభంగా కదిలించడానికి అది పనికి వస్తుంది.

బుల్లెట్ స్టార్ట్ చేసే పద్ధతిని దగ్గరుండి చూడడం మంచి అనుభవం. హెడ్‌లైట్ పైభాగంలో ఎడమపక్కన ఉండే యాంపియర్ మీటర్ మీద కన్ను ఉంచండి. తాళంచెవి తిప్పి, కిక్ రాడ్‌ను మెల్లగా కిందికి నొక్కుతూ పోతే, పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న లోహపు ముక్కలు) కలిసి ఉన్నంతసేపు ముల్లు కాస్త ఎడమకు వాలుతుంది, అవి విడిపోయిన క్షణాన మధ్యకు లేచి నిలుస్తుంది. పిస్టన్ పైకొసకు చేరిందనడానికి అదే గుర్తు. అప్పుడు డీకంప్రెషన్ లివర్ పట్టి కిక్ రాడ్‌ను మరికొద్దిగా దించి, లివర్ వదిలి, రాడ్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, శరీరం బరువంతా వేసి నిండుగా ఒక్క కిక్ కొట్టాలి. బలం కంటే క్రమం ముఖ్యం. సన్నగా ఉండే పెద్దవారు ఒక్క కిక్‌తో స్టార్ట్ చేసి వెళ్తుంటే, దిట్టమైన యువకులు చెమటలు కక్కుతూ ఉండిపోవడానికి కారణం ఇదే.

డ్రమ్ము లోపల జరిగేది

ఇక అసలు విషయానికి వద్దాం. చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటి భాగం డ్రమ్ము. తిరగకుండా ఫోర్కుకు బిగించి ఉండే మూత బ్రేకు ప్లేటు. ఆ ప్లేటు మీద అర్ధచంద్రాకారంలో రెండు షూలు, వాటి మీద అతికించిన, రాపిడితో పట్టునిచ్చే పొర అయిన లైనింగ్, ఒక చివర షూలు ఆనుకునే ఇరుసు, రెండో చివర వాటిని విడదీసే క్యామ్ ఉంటాయి. మీరు లివర్ పట్టినప్పుడు కేబుల్ బ్రేకు ప్లేటు బయట ఉండే చిన్న లోహపు చేతిని లాగుతుంది, చెయ్యి క్యామ్‌ను తిప్పుతుంది, క్యామ్ షూలను డ్రమ్ము లోపలి గోడకు అదుముతుంది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. రెండు షూలూ ఒకే బలంతో పట్టవు. చక్రం తిరిగే దిశలో క్యామ్ కొస ముందు, ఇరుసు కొస వెనక ఉన్న షూను డ్రమ్ము తనతో పాటు లాక్కుపోతూ మరింత గట్టిగా తనకే అదుముకుంటుంది. తలుపు కింద పెట్టిన చీలను తలుపే ఇంకా లోపలికి తోసుకుని బిగుసుకున్నట్టు. దీన్ని లీడింగ్ షూ అంటారు. రెండో షూను మాత్రం తిరిగే డ్రమ్ము వెనక్కు నెట్టేస్తూ ఉంటుంది. అది ట్రెయిలింగ్ షూ. బ్రేకు చేసే పనిలో ఎక్కువ పాలు లీడింగ్ షూదే. అందుకే బ్రిటిష్ ఇంజనీర్లు ముందు చక్రానికి క్యామ్‌లు రెండు పెట్టి, రెండు షూలనూ లీడింగ్ షూలుగా మార్చే పద్ధతిని తెచ్చారు. బయటి నుంచి చూసి దీన్ని గుర్తుపట్టడం తేలిక. బ్రేకు ప్లేటు మీద చెయ్యి ఒక్కటే ఉంటే పాత తరహా బ్రేకు, రెండు చేతులు ఉండి వాటిని కలుపుతూ సన్నని కడ్డీ ఉంటే రెండు లీడింగ్ షూల బ్రేకు. 1968లో ట్రయంఫ్ బానవిల్‌కు వచ్చిన 8 అంగుళాల ముందు బ్రేకు ఇలాంటిదే, డ్రమ్ము బ్రేకుల్లో మంచిపేరు తెచ్చుకున్నవాటిలో అదొకటి. 7 అంగుళాల డ్రమ్ముతో ఇదే పద్ధతి బుల్లెట్‌లలోనూ కనిపిస్తుంది.

వేగం పెరిగేకొద్దీ బ్రేకును ఎలా పెంచాలన్న ప్రశ్నకు ఒక్కో కంపెనీ ఒక్కో జవాబు వెతికింది. బీఎస్ఏ గోల్డ్ స్టార్‌కు 190 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము పెట్టారు. గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని అందుకునే విన్సెంట్ బ్లాక్ షాడోకు ముందు చక్రానికి రెండువైపులా రెండు డ్రమ్ములు, వెనక చక్రానికి మరో రెండు, మొత్తం నాలుగు 7 అంగుళాల డ్రమ్ములు అమర్చారు. ముందున్న రెండిటికీ ఒకే లివర్. మధ్యలో ఒక అడ్డుకడ్డీ ఆ లాగుడును రెండువైపులకూ సమంగా పంచుతుంది. అది చూడడానికి ఎంతో అందమైన ఏర్పాటు. నేనైతే విన్సెంట్ ఇంజన్ కంటే ఆ అడ్డుకడ్డీని ఎక్కువసేపు చూస్తాను. 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి డిస్క్‌తో రావడంతో ఈ ప్రయత్నాలకు తెరపడింది. నార్టన్ కమాండోకు 1972లో, ట్రయంఫ్ బానవిల్‌కు 1973లో డిస్క్ వచ్చింది.

డ్రమ్ము బ్రేకుకు శత్రువులు రెండు: వేడి, నీరు. వరుసగా బ్రేకు పడుతూ పోతే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూల నుంచి దూరంగా జరుగుతుంది, లైనింగ్ పట్టు కూడా సడలుతుంది. లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసినా బండి ఆగదు. నీరు చేరితే కథ వేరు: తడిసిన లైనింగ్ డ్రమ్ము మీద జారిపోతుంది, కాసేపు అసలు బ్రేకు లేనట్టే ఉంటుంది, ఆరగానే ఒక్కసారిగా పట్టేస్తుంది.

షెడ్డులో చేయించవలసినవి

కొన్నదైనా, తాతగారి నుంచి వచ్చినదైనా, ఏళ్ల తరబడి మూలనున్న బండిని రోడ్డెక్కించే ముందు రెండు చక్రాలూ విప్పించి చూడండి. ఇంజన్ నెల తర్వాత చూసుకోవచ్చు, బ్రేకులను మాత్రం వాయిదా వేయవద్దు. పాత లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే తీవ్రమైన హాని చేస్తుంది. మన షెడ్లలో చక్రం విప్పగానే గాలి పైపుతో ఊదేసే అలవాటు ఉంది కనుక, ముందే చెప్పి ఆ పని ఆపించండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారేయించండి. పెద్దవయసు ఉస్తాద్‌లకు ఈ మాట చెప్పడానికి మొహమాటపడవద్దు. వారి ఆరోగ్యం కోసమే కదా.

షూలు బయటికి వచ్చాక లైనింగ్‌ను వెలుతురులో తిప్పి చూడండి. సక్రమంగా పనిచేస్తున్న లైనింగ్ కొసనుంచి కొస దాకా ఒకే తీరుగా మసకగా ఉంటుంది. చాలా బండ్లలో కనిపించేది అది కాదు: ఒక కొసన రెండు వేళ్ల వెడల్పు మేర అద్దంలా మెరుస్తూ, మిగిలినదంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి గరుకుతనంతోనే ఉంటుంది. అంటే ఇన్నేళ్లూ ఆ రెండు వేళ్ల మేరే డ్రమ్మును తాకింది, బండి అంతటి బరువునూ అదే ఆపింది. పాత బుల్లెట్లకు బ్రేకులు ఉండవన్న అపవాదు చాలావరకు ఇలాంటి షూల వల్లనే పుట్టింది. ఆస్‌బెస్టాస్ లేని లైనింగ్ అయితే మెరుస్తున్న భాగాన్ని గరుకైన శాండ్‌పేపర్‌తో రుద్దించి, లైనింగ్ మీద సుద్దముక్కతో గీతలు గీసి, చక్రం బిగించి, బ్రేకు పట్టి తిప్పి మళ్లీ విప్పితే, సుద్ద చెరిగిన చోటల్లా తగులుతున్నట్టు లెక్క. తగలడం మరీ తక్కువగా ఉంటే షూలకు కొత్త లైనింగ్ వేయించి, వాటిని డ్రమ్ము కొలతకు సరిపోయేలా లేత్ మీద అరగదీయించాలి. డ్రమ్ములో గాడులు పడినా, అది కోడిగుడ్డు ఆకారానికి తిరిగినా లేత్ పనే శరణ్యం. చక్రం స్పోకులు బిగించి ఉండగానే ఆ పని చేయించాలి, ఎందుకంటే స్పోకుల బిగువే డ్రమ్ము ఆకారాన్ని మారుస్తుంది. షూ ముందు కొసను ఆకురాయితో కాస్త ఏటవాలుగా అరగదీస్తే బ్రేకు కీచుమనదు, ఒక్కసారిగా పట్టేయదు. లైనింగ్‌కు గ్రీజు అంటితే మాత్రం కడిగి వాడవద్దు, మార్చేయండి.

చక్రం తిరిగి బిగించేటప్పుడు ఖర్చు లేకుండా బ్రేకును మెరుగుపరిచే పని ఒకటి ఉంది. చక్రపు ఇరుసు నట్టును పానాతో చివరిదాకా బిగించకుండా వదులుగా ఉంచి, చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి, ఒకరు ముందు బ్రేకును బలంగా పట్టాలి. షూలు డ్రమ్మును అదిమినప్పుడు బ్రేకు ప్లేటు తనంతట తాను డ్రమ్ముకు సరిగ్గా నడిమధ్యకు జరుగుతుంది. లివర్ వదలకుండా అలాగే పట్టి ఉంచి నట్టు బిగించాలి. తర్వాత చక్రాన్ని అరచేత్తో తిప్పి, దాని దగ్గర చెవి పెట్టి వినండి: తిరుగుడు అంతటా సన్నగా ఒకే రీతిన రాపిడి వినిపించాలి, ఒక చోట గీరి మరో చోట మౌనంగా ఉండకూడదు. రెండు లీడింగ్ షూల బ్రేకైతే, రెండు చేతులనూ కలిపే కడ్డీని ఒక పక్క విప్పి, ఒక్కో క్యామ్‌ను విడివిడిగా షూ డ్రమ్మును తాకేదాకా తిప్పి, ఆ స్థితిలో పిన్ను సులభంగా దూరేలా కడ్డీ పొడవును సరిచేయాలి. అలా చేయకపోతే ఒక షూ పనిచేస్తుంది, రెండోది ఊరికే చూస్తూ ఉంటుంది, బ్రేకు పాత తరహా బ్రేకు కంటే అధ్వానంగా తయారవుతుంది.

కేబుల్ విషయంలో పొదుపు కూడదు. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కూ బ్రేకు చేతికీ మధ్య లంబకోణం రావాలి. అప్పుడే మీ వేళ్ల బలం మొత్తం క్యామ్‌కు చేరుతుంది. లైనింగ్ అరిగిపోయిన బండిలో ఆ చెయ్యి లంబకోణం దాటి ముందుకు పోతుంది. కొందరు లైనింగ్ మార్చకుండా చేతిని విప్పి ఒక పన్ను వెనక్కు తిప్పి బిగించేస్తారు. బండి కొనేటప్పుడు ఇది తప్పక చూసుకోవాలి, ఎందుకంటే బాగా అరిగిన షూల మధ్య క్యామ్ అడ్డం తిరిగి ఇరుక్కుంటే చక్రం నడుస్తుండగానే బిగుసుకుపోతుంది. కేబుల్ చివర ఉండే చిన్న లోహపు గుండు, అంటే నిపుల్, లివర్‌లో స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే తీగలు ఒక్కొక్కటిగా అక్కడే తెగుతాయి. వానాకాలానికి ముందు పలుచని నూనె పోయించి, ఒంపులు లేకుండా కేబుల్‌ను పంపించాలి. వెనక బ్రేకు రాడ్ చివరి నట్టును సరిచేసేటప్పుడు మాత్రం బండి మీద మనిషిని కూర్చోబెట్టి సరిచేయండి. బరువు పడినప్పుడు చక్రం స్థానం కాస్త మారుతుంది.

మొదటిసారి నడిపేటప్పుడు

ఎడమకాలి గేర్లకు అలవాటుపడినవారికి ఈ బండి మీద పొంచి ఉన్న ప్రమాదం వేగం కాదు, అలవాటు. కంగారు పుట్టినప్పుడు కాలు ఆలోచించదు. ఎదురుగా మేక అడ్డం వచ్చిందనుకోండి, కుడికాలు తనంతట తాను కిందికి నొక్కుతుంది. బుల్లెట్‌లో కుడి పెడల్ కిందికి నొక్కితే పై గేరు పడుతుంది. బ్రేకు పడకపోగా ఇంజన్ ఇచ్చే నిరోధం కూడా తగ్గి బండి ముందుకు దూసుకుపోతుంది. ట్రయంఫ్‌లో అదే నొక్కుడుకు కింది గేరు పడి, వెనక చక్రం పట్టేసి జారవచ్చు. ఇక గేరు మార్చబోయి ఎడమకాలు నొక్కితే, వెనక బ్రేకు అనుకోకుండా పడుతుంది. వెనక వచ్చే ఆటో డ్రైవరుకు ఆ సంగతి తెలియదు.

కాబట్టి మొదటి రోజులన్నీ ఖాళీ మైదానంలోనే గడపండి. తెల్లవారుజామున నడకకు వచ్చేవారు చేరకముందే కాలేజీ మైదానానికి వెళ్లి, మొదట ఇంజన్ ఆపి బండిని నెట్టించుకుంటూ రెండు బ్రేకులూ పట్టడం సాధన చేయండి. తర్వాత రెండో గేరులో నెమ్మదిగా నడుపుతూ, మిత్రుణ్ణి హఠాత్తుగా చెయ్యెత్తమని చెప్పి ఆగండి. ఆ సమయంలో కుడికాలు కదలకుండా నిలిచినట్టయితేనే రోడ్డెక్కండి. అప్పుడు కూడా కొద్ది వారాలపాటు ఆ ఒక్క బండినే నడపడం మేలు. పొద్దున స్కూటర్, మధ్యాహ్నం కొత్త బండి, సాయంత్రం బుల్లెట్ అన్నట్టు మారుస్తూ పోతే కాళ్లకు ఏ అలవాటూ స్థిరపడదు.

బ్రేకు పట్టే తీరు కూడా నేర్చుకోవలసినదే. లివర్‌ను నాలుగు వేళ్లతో పట్టండి, డిస్క్ బండ్లలో లాగా రెండు వేళ్లు చాలవు. ముందు కొద్దిగా అదిమి బరువు ముందు చక్రం మీదికి రానిచ్చి, ఆ తర్వాత బలం పెంచుతూ పోవాలి. ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రం నుంచే వస్తుంది కనుక, వెనక బ్రేకుతోనే సరిపెట్టే మన అలవాటును మానుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టిన తర్వాత ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. డ్రమ్ము బ్రేకు ఈ లెక్కను ఏమాత్రం మన్నించదు. అందువల్ల ముందు పోతున్న వాహనానికి ఇప్పుడు మీరు వదులుతున్న దూరానికి రెండింతలు వదలండి. ఆ ఖాళీలోకి ఎవరైనా దూరితే దూరనివ్వండి, మళ్లీ వెనక్కు తగ్గండి.

గేర్లు కూడా బ్రేకులేనన్న సంగతి ఈ బండ్లతోనే బాగా తెలుస్తుంది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు నాలుగో గేరులో బ్రేకు పట్టుకుంటూ దిగితే డ్రమ్ములు మధ్యలోనే చేతులెత్తేస్తాయి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వేసి, ఇంజన్‌తో వేగాన్ని అదుపులో ఉంచి, మలుపుకు ముందు మాత్రమే బ్రేకు కొద్దిసేపు గట్టిగా పట్టి వదిలేయాలి. వదిలిన ప్రతిసారీ డ్రమ్ముకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది.

ఎత్తు మీద ఆగవలసి వచ్చినప్పుడు మరో జాగ్రత్త ఉంది. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ వాహనాల వరుసలో నిలిచిపోయినప్పుడు, రెండు లీడింగ్ షూల ముందు బ్రేకు మీద నమ్మకం పెట్టుకోవద్దు. బండి వెనక్కు జారబోతే చక్రం తిరిగే దిశ మారుతుంది, లీడింగ్ షూలు రెండూ ఒకేసారి ట్రెయిలింగ్ షూలైపోతాయి, ఎంత పట్టినా బండి మెల్లగా వెనక్కు పోతూనే ఉంటుంది. అక్కడ ఎడమకాలితో వెనక బ్రేకు నొక్కి, కుడికాలు నేల మీద పెట్టి నిలబడడమే సరైన పద్ధతి. కదిలేటప్పుడు ఎడమచేత్తో క్లచ్ పట్టి, కుడికాలితో మొదటి గేరు వేయాలి, గేరు వేసే ఆ ఒక్క క్షణం మాత్రం బరువు ముందు బ్రేకు మీద, నేల మీద ఆనే కాలు ఎడమది. చదవడానికి చిక్కుగా ఉన్నా పది నిమిషాల సాధనలో వస్తుంది.

వానాకాలంలో శివనగర్ అండర్ బ్రిడ్జి లాంటి చోట్ల నిలిచిన నీళ్లలోంచి రావలసి వస్తే, బయటికి రాగానే చిన్న గేరులో పోతూ రెండు బ్రేకులనూ తేలికగా పట్టి కొంతదూరం నడపండి. రాపిడి వేడికి లైనింగ్ ఆరుతుంది. పట్టు తిరిగి వచ్చినట్టు చేతికి తెలిసిన తర్వాతే వేగం పెంచండి. ఇరుసు లోతు మించి నీళ్లున్నప్పుడు అటు వెళ్లకపోవడమే మంచిది.

మార్పుల సంగతి

పాత బుల్లెట్‌కు ఎడమకాలి గేర్లు పెట్టిస్తామనీ, ముందు డిస్క్ వేయిస్తామనీ సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. డిస్క్ వల్ల బండి త్వరగా ఆగుతుందన్నది నిజమే, దాన్ని కాదనలేము. అయినా సరిగా అమర్చిన డ్రమ్ము ఎలా పనిచేస్తుందో ఒక్కసారైనా చూడకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దని నా విన్నపం. రోజూ పిల్లలను బడికి దింపడానికో, హైదరాబాదు హైవే మీద పోవడానికో బండి కావాలంటే కొత్తది కొనుక్కోవడమే న్యాయం. పాతదాన్ని దాని వేగానికి తగిన రోడ్ల మీద, నర్సంపేట మీదుగా పాకాల దాకానో, ములుగు దాటి రామప్ప దాకానో నడుపుకోవచ్చు. కుడికాలి గేర్లను మార్చడం మాత్రం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు, అది బండి జాతినే మార్చివేయడం.

చట్టం కూడా ఈ వైపే ఉంది. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. అందుకు ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులేవీ చేయని బండి కావాలి. కొత్తగా నమోదు చేయించడానికి 20,000 రూపాయలు, తర్వాత ఆ నమోదు పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. అలా నమోదైన బండిని రోజువారీ రాకపోకలకూ వ్యాపారానికీ వాడకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తీసుకుపోవచ్చు. మీ బండి ఆ వయసుకు దగ్గరగా ఉంటే, విప్పిన ప్రతి పాత భాగాన్నీ, అరిగిన బ్రేకు షూలతో సహా, పేరు రాసిన సంచిలో కట్టి దాచండి. లేత్ పనివాడికి సరైన కొలత ఇవ్వడానికీ, అసలు భాగం ఎలా ఉండేదో చూపించడానికీ అవే ఆధారం.